మళ్ళీ ఓటు అడగడానికి వచ్చే ఛైర్మన్‌ను ఏమి అడగాలి?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ఒడిశా పట్టణాల పాలక సంఘాలకు 2022 మార్చి 24న ఎన్నికలు జరిగాయి. వాటి ఐదేళ్ళ గడువు 2027లో తీరుతుంది. అందువల్ల కాబోలు, ఈ సంచికకు వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఇప్పటి ఛైర్మన్లు, ఛైర్‌పర్సన్లు మళ్ళీ నిలబడటం గురించే ఉన్నాయి. బరంపురం కార్పొరేషను కనుక అక్కడ ఆ పదవిలో ఉన్నవారిని మేయర్ అంటారు, మిగిలిన చిన్న ఊళ్ళలో ఛైర్‌పర్సన్ అంటారు. ఓటరు అడగవలసిన ప్రశ్నలు మాత్రం రెండు చోట్లా ఒకటే. ఫిర్యాదు ఉన్న ఉత్తరాల్లో ఊరి పేరు తీసివేశాను, చిన్న ఊళ్ళో ఊరి పేరు చెబితే మనిషి పేరు చెప్పినట్లే కనుక. నేను సరిహద్దు పట్టణాల మునిసిపల్ ఆఫీసుల్లో చాలా ఏళ్ళు పద్దులు రాశాను. ఈ జవాబులు ఆ అనుభవంతో ఇస్తున్నవి.

ప్రశ్న: మా ఛైర్మన్ గారు ఊళ్ళో ఏ ఇంట్లో పెళ్ళయినా చావయినా తప్పకుండా వస్తారు. మా నాన్నగారు కాలం చేసినప్పుడు శ్మశానం దాకా మాతో నడిచారు. అయితే మా వీధి కాలువ నాలుగేళ్ళుగా పొంగుతూనే ఉంది, వానాకాలంలో మురుగు గడప దాటి లోపలికి వస్తోంది. ఇప్పుడు ఆయన మళ్ళీ నిలబడతారట. ఓటు వెయ్యకపోతే ఆయనకు మొహం ఎలా చూపించాలి? వేస్తే ఇంట్లో మా ఆవిడకు ఏమని చెప్పాలి?
— ఒక బట్టల వ్యాపారి

జవాబు: మీ నాన్నగారి వెంట ఆయన నడవడం చిన్న విషయం కాదు. దాన్ని తేలిక చేసి మాట్లాడే హక్కు నాకు లేదు, ఎవరికీ లేదు. చిన్న ఊళ్ళో మనం ఒకరికొకరం ఋణపడేది ఇలాంటి పనుల వల్లనే. అయితే ఆ ఋణం మీ ఇంటికీ ఆయన ఇంటికీ మధ్య ఉన్నది. రేపు ఆయనకు కష్టం వస్తే మీరు వెళ్ళి పక్కన నిలబడండి, ఆయన ఇంట్లో శుభకార్యమైతే ముందు రోజే వెళ్ళి పందిరి పని అందుకోండి. ఓటు అలాంటిది కాదు. దాన్ని వేసేది మీరొక్కరే అయినా దాని మంచిచెడ్డలు మీ వీధిలో నడిచే పిల్లల దగ్గర్నుంచి మీ కొట్టుకు వచ్చే బేరం దాకా అందరికీ తగులుతాయి. కనుక మీ సొంత ఋణాన్ని ఊరి సొమ్ముతో తీర్చకండి.

మొహం చూపించడం గురించి మీరు అంతగా బాధపడనక్కరలేదు. 2022లో మీరు వేసిన ఓట్లు రెండు: ఒకటి వార్డు కౌన్సిలర్‌కు, మరొకటి ఛైర్‌పర్సన్‌కు. రెండూ ఒకే పార్టీకి వేయాలన్న నియమం లేదు, ఎవరికి వేశారో ఎవరికీ చెప్పనక్కరలేదు. ఓటు రహస్యంగా ఉండాలని చట్టం పట్టుబట్టింది ముఖ్యంగా మీలాంటివారి కోసమే. ఒకరి మొహం ఒకరు రోజూ చూసుకునే ఊళ్ళలో ఆ తెర లేకపోతే ఎవరూ మనసులో ఉన్న ఓటు వేయలేరు.

ఇక కాలువ సంగతి. ఇక్కడ మీరు కొంచెం శ్రమ పడాలి, ఎందుకంటే కాలువ పొంగడానికి కారణాలు నాలుగైదు ఉంటాయి, అన్నింటికీ ఛైర్మన్ ఒక్కరే బాధ్యులు కారు. ఒక పొడవాటి కర్ర తీసుకుని కాలువలో దించి చూడండి. కర్ర జానెడు లోతులోనే బురదలో దిగబడిపోతే అది పూడిక తీయని లోపం; పారిశుద్ధ్య సిబ్బందిని ఏ వీధికి ఎన్నాళ్ళకోసారి పంపుతున్నారన్న ప్రశ్న అది, దానికి జవాబు చెప్పవలసినవారు ఛైర్మనూ, ఎగ్జిక్యూటివ్ ఆఫీసరూ. పూడిక లేకుండానే నీళ్ళు నిలబడి ఉంటే వాలు సరిగా తీయలేదని అర్థం. నా ఉద్యోగకాలంలో ఒక వీధిలో కొత్త కాంక్రీటు కాలువ చూశాను: గోడలు నునుపుగా, పైన పలకలు వరుసగా, చూడముచ్చటగా ఉంది, కానీ నీళ్ళు వెళ్ళవలసిన వైపు కంటే వచ్చే వైపే నాలుగు వేళ్ళు పల్లం. మెజర్‌మెంట్ బుక్కులో పొడవూ వెడల్పూ లోతూ అన్నీ సరిగానే రాసి ఉన్నాయి, బిల్లు చెల్లించేశారు. వాలు రాయడానికి ఆ పుస్తకంలో గడి లేదు. మూడో రకం, మీ కాలువ బాగానే ఉండి, అది కలవవలసిన పెద్ద కాలువను ఎవరో మూసి కట్టుకుని ఉండటం. అప్పుడు ఛైర్మన్‌ను అడగవలసిన ప్రశ్న పూర్తిగా వేరు: ఆ ఆక్రమణదారు ఎవరో తెలిసి కూడా ఎందుకు ఊరుకున్నారని.

ఇంకొక మాట. రాజ్యాంగం 12వ షెడ్యూలులో పట్టణ సంఘాలకు అప్పగించదగ్గ 18 అంశాలు ఉన్నాయి. వాటిలో రోడ్లు, నీళ్ళు, పారిశుద్ధ్యం, వీధి దీపాలు, జనన మరణాల నమోదుతో పాటు శ్మశానాలు కూడా ఉన్నాయి. ఆయన మీతో నడిచి వెళ్ళిన ఆ శ్మశానంలో కాళ్ళు కడుక్కోవడానికి కుళాయి ఉన్నదా, వాన వస్తే చితి తడవకుండా పైన రేకుల షెడ్డు ఉన్నదా, రాత్రి వేళ దీపం వెలుగుతున్నదా? ఆయన ఊరి మనిషిగా అక్కడికి వచ్చారు, మంచిదే. ఛైర్మన్‌గా కూడా వచ్చి ఉంటే ఆ షెడ్డు ఈపాటికి పడి ఉండాలి.

ప్రశ్న: ఇదివరకు ఛైర్మన్‌ను కౌన్సిలర్లే ఎన్నుకునేవారు కదా. ఇప్పుడు జనమే నేరుగా ఎన్నుకోవడం వల్ల మనకు వచ్చిన లాభం ఏమిటి?
— ఒక ఉపాధ్యాయుడు, గుణుపురం

జవాబు: ఒడిశాలో మేయర్లనూ ఛైర్‌పర్సన్లనూ ఓటర్లు నేరుగా ఎన్నుకున్నది 2022లోనే మొదటిసారి. అంతకు ముందు ఆ పదవి దక్కాలంటే కౌన్సిలర్లలో సగానికి పైగా మందిని ఒప్పించుకుంటే సరిపోయేది, నిలబెట్టుకోవాలన్నా వాళ్ళను సంతోషపెడితే చాలు. అప్పట్లో తప్పు జరిగితే ఛైర్మన్ కౌన్సిలర్ల మీదికి, కౌన్సిలర్లు ఛైర్మన్ మీదికి నెట్టేవారు. ఇప్పుడు ఆ మనిషి ఊరంతటి ఓటుతో కూర్చున్నారు కనుక ఊరంతటికీ జవాబు చెప్పాలి. లాభం అదే.

అయితే అది సగం మాత్రమే. ఛైర్‌పర్సన్ ఒక పక్షం నుంచి గెలిచి, కౌన్సిలర్లలో ఎక్కువమంది మరొక పక్షం వాళ్ళయితే బడ్జెట్‌కు ఆమోదం దొరకడమే కష్టమవుతుంది. అలాంటి చోట మళ్ళీ నిలబడే వ్యక్తి "నన్ను పని చేయనివ్వలేదు" అంటారు. కొన్నిసార్లు అది నిజం కూడా. అప్పుడు అడగవలసింది, ఏ పనిని ఏ తేదీన కౌన్సిల్ ముందు పెట్టారు, ఎవరు కాదన్నారు, మినిట్స్ పుస్తకంలో అది రాసి ఉన్నదా అని. నిజంగా అడ్డుపడితే ఆ పుస్తకంలో ఉంటుంది. లేకపోతే ఆ మాటను పక్కన పెట్టండి.

2013లో ఎన్నికైన సంఘాల గడువు 2018లో తీరిపోయినా, 2022 దాకా ఎన్నికలు జరగలేదన్న సంగతి కూడా మీ విద్యార్థులకు చెప్పండి. రాజ్యాంగం 243-యు అధికరణం ప్రకారం గడువు తీరకముందే ఎన్నిక పూర్తి కావాలి. 2006లో అహ్మదాబాద్ కార్పొరేషన్ కేసులో సుప్రీంకోర్టు కూడా ఇదే మాట గట్టిగా చెప్పింది. అయినా ఆ మధ్యకాలంలో మన ఊళ్ళు ఎన్నికైన మనిషి లేకుండా అధికారుల చేతుల్లో నడిచాయి. ఆ అధికారుల్లో మంచివారు లేకపోలేదు, కానీ వాళ్ళు మళ్ళీ వచ్చి మనల్ని ఓటు అడగనక్కరలేదు. ఒక పాలకుడు మళ్ళీ మన గుమ్మం ఎక్కవలసి రావడం ఎంత విలువైనదో అప్పుడు నాకు బాగా తెలిసింది.

ప్రశ్న: ఒకే మనిషి ఎన్నిసార్లు ఛైర్మన్ కావచ్చు?
— రాయగడ

జవాబు: ఇన్నిసార్లే అన్న పరిమితి రాజ్యాంగంలో లేదు. అయితే పదవి రిజర్వేషన్ మారితే ఆ వర్గానికి చెందనివారు ఆ దఫాకు నిలబడలేరు.

ప్రశ్న: మా వీధిలో కుళాయి రెండు రోజులకోసారి అరగంట వస్తుంది. నీళ్ళు వచ్చిన రోజు ఛైర్మన్ గారి మనుషులు "అంతా మా చలవే" అంటారు, రాని నెలలో వెళ్ళి అడిగితే "అది మా శాఖ కాదమ్మా" అంటారు. ఏది నిజం?
— ఒక గృహిణి

జవాబు: అమ్మా, రెండో మాటలో కొంత నిజం ఉంది, మొదటి మాటలో అంత లేదు. ఒడిశా పట్టణాల్లో మంచినీటి సరఫరాను చాలా చోట్ల రాష్ట్ర ప్రభుత్వపు ప్రజారోగ్య ఇంజనీరింగ్ సంస్థ చూస్తుంది. బరంపురం వంటి పెద్ద ఊళ్ళలో వాట్కో అనే ప్రభుత్వ సంస్థ చూస్తుంది. పంపు నడిపేవారూ గొట్టాలు వేసేవారూ వాళ్ళే. కనుక నీళ్ళు వచ్చినా రాకపోయినా పూర్తి బాధ్యత ఛైర్మన్‌దే అనడం న్యాయం కాదు.

కానీ "మా శాఖ కాదు" అని చేతులు దులుపుకోవడానికి కూడా వీల్లేదు. 15వ ఆర్థిక సంఘం 2021 నుంచి 2026 దాకా పట్టణ సంఘాలకు ఇచ్చిన నిధుల్లో, పది లక్షల లోపు జనాభా ఉన్న ఊళ్ళకు, 60 శాతం నిధులను మంచినీటికీ పారిశుద్ధ్యానికీ మాత్రమే ఖర్చు పెట్టాలని కట్టుదిట్టం చేసింది. ఆ డబ్బు మీ మునిసిపాలిటీ ఖాతాకే వచ్చింది. దానితో మీ వార్డులో బోరు వేశారా, టాంకరు కొన్నారా, వాన నీటి గుంటలు తవ్వారా అన్నది ఛైర్మన్ చెప్పవలసిన లెక్క. ఈ నిధులు అందాలంటే సంఘం తన ఆడిట్ అయిన లెక్కలను ఆన్‌లైన్‌లో అందరికీ కనిపించేలా పెట్టాలన్న షరతు కూడా ఉంది. మీ ఇంట్లో చదువుకునే పిల్లలు ఉంటే వాళ్ళచేత ఆ లెక్కలు వెతికించండి.

ఆయన ఓటు అడగడానికి వచ్చినప్పుడు మీరు నోటితో గొడవ పడనక్కరలేదు. గోడకు వేలాడే కేలెండర్ మీద నీళ్ళు వచ్చిన రోజుకు ఒక సున్నా చుట్టండి, టాంకరు వచ్చిన రోజుకు ఒక గీత గీయండి. మూడు నెలల కేలెండర్ కాగితాలు చేతిలో పెట్టి, "దీని గురించి ఇంజనీరింగ్ వాళ్ళకు మీరు ఎన్ని ఉత్తరాలు రాశారు, ఆ నకళ్ళు చూపించండి" అని అడగండి. శాఖ తనది కాకపోయినా ఊరి తరఫున ఉత్తరం రాయవలసినవారు, జిల్లా కలెక్టర్ దగ్గర కూర్చుని పట్టుబట్టవలసినవారు ఆయనే.

ప్రశ్న: చెత్త బండి ప్రతి ఉదయం పాట పెట్టుకుని వస్తోంది. ఈ ఒక్క విషయంలో ఛైర్మన్‌కు మంచి మార్కులు వేయవచ్చా?
— జయపురం

జవాబు: వేయవచ్చు, కానీ బండి వెనకాల ఒక్క రోజు వెళ్ళి చూసిన తరువాత. తడి చెత్త, పొడి చెత్త ఇంటి దగ్గర వేరు చేసి ఇచ్చాక బండిలో రెండూ కలిపేస్తున్నారా, తడి చెత్త ఎరువు తయారయ్యే చోటికి చేరుతున్నదా, "మో ఖత" పేరుతో ఆ ఎరువు అమ్మకానికి వస్తున్నదా అన్నవి చూడండి. అన్నీ సవ్యంగా ఉంటే మార్కుల్లో పెద్ద వాటా ఇంటింటికీ తిరిగే స్వచ్ఛ సాథీలకూ, బండి తోలే మనిషికీ చెందుతుంది. వాళ్ళకు జీతం నెలనెలా అందుతున్నదో లేదో కూడా అడగండి, అది ఛైర్మన్ ఖాతాలో వేయవలసిన మార్కు.

ప్రశ్న: మా ఊరి ఛైర్‌పర్సన్ మహిళ. కానీ ఆఫీసులో మాట్లాడేదీ, కాంట్రాక్టర్లను పిలిచేదీ ఆమె భర్త. ఈసారి పదవి జనరల్ అయితే ఆయనే నిలబడతారనీ, "ఐదేళ్ళ అనుభవం నాదే కదా" అని చెప్పుకుంటున్నారనీ వింటున్నాం. ఆ అనుభవాన్ని లెక్కలోకి తీసుకోవాలా?
— ఒక కాలేజీ విద్యార్థిని

జవాబు: తీసుకోవాలి, అయితే ఆయన కోరుకునే విధంగా కాదు. ఎన్నిక కాని మనిషి ఐదేళ్ళు ఆఫీసు నడిపానని తానే ఒప్పుకుంటున్నారంటే, అది ఆయనకు యోగ్యత ఎలా అవుతుంది? ప్రజలు భార్యకు ఇచ్చిన అధికారాన్ని తాను వాడుకున్నానని చెప్పడమే అది. రాజ్యాంగం 243-టి అధికరణం స్త్రీలకు మూడో వంతుకు తక్కువ కాకుండా స్థానాలు ఇమ్మంది, ఒడిశా దాన్ని సగానికి పెంచింది. ఇన్నేళ్ళ పోరాటంతో వచ్చిన ఆ కుర్చీని ఒక ఇంటి మగవాడు వెనక ద్వారం నుంచి తిరిగి తీసుకోవడం నన్ను చాలా బాధపెట్టే విషయం. కనుక ఈ జవాబు కొంచెం కటువుగా ఉంటే మన్నించండి.

ఇలాంటి చోట ఆ స్త్రీని తప్పు పట్టడానికి తొందరపడకండి. నేను పనిచేసిన ఒక ఆఫీసులో కొత్తగా ఎన్నికైన ఒకావిడ మొదటి నెలల్లో, వేలు చూపించిన చోట సంతకం పెట్టేవారు. భర్త పక్క కుర్చీలో కూర్చునేవారు. ఒక రోజు ఆయన ఊళ్ళో లేరు. నేను వీధి దీపాల బిల్లు ఫైలు పట్టుకెళ్ళాను. ఆవిడ కలం తీసి, మూత మళ్ళీ పెట్టేసి, "బాబూ, మా వీధి చివర దీపం రెండు నెలల నుంచి వెలగడం లేదు. ఈ లెక్కలో అదీ ఉందా?" అని అడిగారు. ఉంది. ఆ ఫైలు ఆ రోజు సంతకం లేకుండా వెనక్కి వచ్చింది, కాంట్రాక్టరు మర్నాడే మనుషుల్ని పంపి ఆ వీధి మొత్తం దీపాలు వెలిగించాడు. తరువాత ఆవిడ ఫైలు చదవకుండా సంతకం పెట్టడం నేను చూడలేదు. పక్క కుర్చీ కొన్నాళ్ళకు ఖాళీ అయింది.

కనుక మీ ఊళ్ళో ఆ కుటుంబం ఓటు అడగడానికి వచ్చినప్పుడు ప్రశ్న ఆయనను కాకుండా ఆవిడను అడగండి. "అమ్మా, ఈ ఐదేళ్ళలో మీరు సొంతంగా కాదన్న ఫైలు ఒకటి చెప్పండి" అని గౌరవంగా అడగండి. ఆవిడ చెప్పగలిగితే నిలబడవలసింది ఆవిడే. పదవి జనరల్ అయినంత మాత్రాన స్త్రీలు పోటీ చేయకూడదని లేదు.

ప్రశ్న: మా ఊళ్ళో నాలుగేళ్ళు ఒక్క రోడ్డు పడలేదు. ఇప్పుడు వారానికి రెండు శంకుస్థాపనలు జరుగుతున్నాయి. ఇవి నిజంగా అయ్యే పనులేనా, ఎలా తెలుసుకోవాలి?
— ఒక విశ్రాంత ఉద్యోగి

జవాబు: శిలాఫలకం మీద పేర్లు చదవకండి, పనికి వర్క్ ఆర్డర్, అంటే పని మొదలుపెట్టమని కాంట్రాక్టరుకు ఇచ్చే ఉత్తర్వు, ఇచ్చారా అన్నది అడగండి. అంచనా వేయడం, సాంకేతిక ఆమోదం, టెండరు, వర్క్ ఆర్డర్ అన్న వరుసలో నడిచిన పనికే డబ్బు కేటాయింపు ఉంటుంది. వర్క్ ఆర్డర్ లేకుండా పాతిన రాయికి వెనకాల ఖాతాలో ఏమీ ఉండకపోవచ్చు. నాలుగేళ్ళు ఆలస్యం కావడానికి కూడా ఒక్కోసారి సరైన కారణం ఉంటుంది. పైపులైను వేసేదాకా రోడ్డు వేయకుండా ఆపడం మంచి పని, వేసిన రోడ్డును ఆరు నెలల్లో తవ్వడం కంటే ఎంతో నయం. ఆ సంగతీ కనుక్కోండి.

సమాచార హక్కు చట్టం 2005 కింద దరఖాస్తు పెడితే 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఒడిశాలో ఫారం-ఎ నింపి 10 రూపాయల రుసుము కట్టాలి. వర్క్ ఆర్డర్, మెజర్‌మెంట్ బుక్కు పేజీలు, చెల్లించిన బిల్లుల నకళ్ళు, లోకల్ ఫండ్ ఆడిట్ వారు (స్థానిక సంఘాల లెక్కలు తనిఖీ చేసే ప్రభుత్వ విభాగం) మీ సంఘం లెక్కల మీద రాసిన అభ్యంతరాలు, ఈ నాలుగూ కోరండి. ఆడిట్ అభ్యంతరాలు చదివేవారు మన ఊళ్ళలో దాదాపు ఎవరూ లేరు. అవి బీరువాల్లో దుమ్ము పట్టి ఉంటాయి. ఐదేళ్ళ పాలన గురించి ఛైర్మన్ ఉపన్యాసం కంటే, ప్రతిపక్షం ఉపన్యాసం కంటే, ఆ కాగితాలు ఎక్కువ చెబుతాయి.

ప్రశ్న: దరఖాస్తులు తెలుగులో రాస్తే మునిసిపాలిటీ వాళ్ళు తీసుకోవాలా? రెండోది, ఒక అభ్యర్థి "నేను మన తెలుగువాణ్ణి, మనవాళ్ళంతా నాకే వేయాలి" అంటున్నారు. అది సరైనదేనా?
— ఒక యువకుడు, బరంపురం

జవాబు: రాజ్యాంగం 350వ అధికరణం ప్రకారం ఏ వ్యక్తి అయినా తన కష్టాన్ని కేంద్రంలో గానీ రాష్ట్రంలో గానీ వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా ప్రభుత్వ అధికారికి రాసుకోవచ్చు. కనుక మీ వీధి దీపం గురించి తెలుగులో వినతిపత్రం ఇవ్వడం మీ హక్కు. సమాచార హక్కు దరఖాస్తు మాత్రం వేరు. ఆ చట్టం ఇంగ్లీషు, హిందీ, లేదా ఆ ప్రాంతపు అధికార భాష అని స్పష్టంగా రాసింది. అంటే మనం దాన్ని ఇంగ్లీషులోనో, హిందీలోనో, ఒడియాలోనో రాసి ఇవ్వాలి. ఇది చాలామంది తెలుగువారు పొరబడే చోటు, దరఖాస్తు వెనక్కి వచ్చాక "తెలుగు అని తీసుకోలేదు" అని బాధపడతారు.

రెండో ప్రశ్నకు నా జవాబు గట్టిగా కాదనే. తెలుగులో ప్రచారం చేయవచ్చు, తెలుగులో కరపత్రం వేయవచ్చు, తెలుగువారి వీధులకు అందని సౌకర్యాల గురించి అడగవచ్చు. భాష పేరు చెప్పి ఓటు అడగడం వేరు. ప్రజాప్రాతినిధ్య చట్టం 1951 కింద మతం, కులం, భాష పేరుతో ఓటు అడగడం అక్రమమేననీ, అభ్యర్థి మతమో భాషో అయినా, ఓటరు మతమో భాషో అయినా అది వర్తిస్తుందనీ 2017 జనవరి 2న సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం మెజారిటీ తీర్పు ఇచ్చింది. ఆ తీర్పు శాసనసభ, పార్లమెంటు ఎన్నికల చట్టం గురించినదే అయినా దాని వెనక ఉన్న న్యాయం మన వార్డు ఎన్నికకూ సరిపోతుంది.

మన ప్రాంతపు పెద్దమనిషి ఒకరిని ఇక్కడ తలచుకుంటాను. గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా ఉంటూ, జనం మాట్లాడే తెలుగే పుస్తకాల్లోకి రావాలని పోరాడారు. అదే మనిషి కొండల మీద సవరలు మాట్లాడే భాష నేర్చుకుని, దానికి వ్యాకరణం, నిఘంటువు తయారు చేశారు. తన భాష కోసం నిలబడినవాడు పక్కవాడి భాష కోసం కూడా నిలబడ్డాడు. మళ్ళీ ఓటు అడిగే ఛైర్మన్‌ను మనం భాష విషయంలో అడగవలసిందీ ఆ కొలతతోనే: పన్ను నోటీసు, నీళ్ళు కాచి తాగమన్న హెచ్చరిక, శిబిరం తేదీ, ఇవి ఆయా వీధుల్లో చదివేవారికి అర్థమయ్యే భాషల్లో వేయించారా లేదా?

ప్రశ్న: మా అన్నదమ్ముల్లో ఇద్దరికి పర్లాకిమిడిలోనూ, పాతపట్నంలోనూ ఓట్లు ఉన్నాయి. రెండు చోట్లా ఇళ్ళు ఉన్నాయి కనుక తప్పు లేదంటారు. ఇప్పుడు ఛైర్మన్ గారి మనుషులు కూడా "ఈసారికి అక్కడి ఓటు ఇక్కడ వేసి వెళ్ళండి" అంటున్నారు.
— పర్లాకిమిడి

జవాబు: తప్పు ఉంది. ప్రజాప్రాతినిధ్య చట్టం 1950లోని 17, 18 సెక్షన్ల ప్రకారం ఒక మనిషి పేరు ఒక నియోజకవర్గంలోనే, ఒక్కసారే ఉండాలి. రాష్ట్రాలు వేరైనంత మాత్రాన అది మారదు. తెలిసి అబద్ధపు ప్రకటన చేసి పేరు నమోదు చేయించుకుంటే 31వ సెక్షన్ కింద ఏడాది దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. వార్డు ఓటర్ల జాబితాలు శాసనసభ జాబితాల ఆధారంగానే తయారవుతాయి కనుక ఈ తప్పు ఆ జాబితాలోనే మొదలవుతుంది.

సరిహద్దులో బతికే మన కుటుంబాల సంగతి నాకు తెలుసు. పొలం అవతల, కొట్టు ఇవతల, కూతుర్ని ఇచ్చింది అటు, కోడల్ని తెచ్చుకున్నది ఇటు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరు రాష్ట్రం అయినప్పుడు గీత మన ఇళ్ళ మధ్య నుంచి వెళ్ళింది, దానికి మీ అన్నదమ్ములు బాధ్యులు కారు. అయినా ఏడాదిలో ఎక్కువ రోజులు ఏ ఇంట్లో నిద్రపోతారో ఆ ఊరి ఓటు ఉంచుకుని, రెండో చోట పేరు తీసివేయడానికి ఫారం-7 ఇవ్వమని చెప్పండి. పర్లాకిమిడి కాలువ వాసన రోజూ పీల్చే మనిషి ఓటును, ఎన్నికల నాడు బస్సు దిగే మనిషి ఓటు కొట్టివేయకూడదు.

ప్రశ్న: నేను ఒక చిన్న పట్టణానికి ఛైర్‌పర్సన్‌ను. మళ్ళీ నిలబడాలనుకుంటున్నాను. కొన్ని పనులు చేశాను, కొన్ని చేయలేకపోయాను. చేయలేనివి చెప్పుకుంటే ఓడిపోతానని మా వాళ్ళు భయపెడుతున్నారు. మీ సలహా కావాలి.
— ఊరి పేరు వేయవద్దని కోరారు

జవాబు: అమ్మా, ఈ నెల వచ్చిన ఉత్తరాలన్నింటిలో నాకు ఎక్కువ సంతోషం కలిగించింది మీదే. పదవిలో ఉన్నవారు ఈ ప్రశ్న అడగడం నేను చాలా అరుదుగా చూశాను.

మీరు 2022లో ఇచ్చిన మాటలు ఒక కాగితం మీద వార్డుల వారీగా రాయించండి. ఒక్కొక్క దాని ఎదుట అయినది, కొంత అయినది, కానిది అని వేయండి. అయిన దానికి ఎంత ఖర్చయిందో, ఏ నిధి నుంచి వచ్చిందో రాయండి. కాని దానికి కారణం ఒక్క వాక్యంలో రాయండి: స్థలం దొరకలేదనో, డబ్బు రాలేదనో, మేమే అశ్రద్ధ చేశామనో. ఈ మూడో కారణం ఒకటి రెండు చోట్ల ఉన్నా దాచకండి. వీధిలో కూర్చుని రోజూ ఆ లోపాన్ని చూసే మనిషికి మీరు దాచేది ఏమీ లేదు, దాస్తే మిగిలిన నిజాలను కూడా నమ్మరు.

హోల్డింగ్ టాక్స్ (ఇళ్ళు, స్థలాల మీద మునిసిపాలిటీ వేసే పన్ను) ఎంత వసూలైందో, ఎంత మిగిలిపోయిందో, పెద్ద బాకీదారులు మీ మద్దతుదారుల్లో ఉన్నా సరే, చెప్పండి. పేద ఇంటి నుంచి పన్ను వసూలు చేసి పెద్ద దుకాణం వాళ్ళను వదిలేస్తున్నారన్న మాట ప్రతి ఊళ్ళోనూ ఉంటుంది, మీరు లెక్క చెబితే తప్ప అది ఆగదు. నోటిఫికేషన్ వచ్చిన రోజు నుంచి ఆఫీసు కారు ముట్టుకోకండి, కొత్త శంకుస్థాపనలకు వెళ్ళకండి. ఎన్నికల ప్రవర్తనా నియమావళి కోసమే కాదు, మీ మాటకు విలువ ఉండాలన్నా ఇది అవసరం.

మీ వాళ్ళ భయం అర్థం లేనిది అనను. ఓడిపోవచ్చు కూడా. కానీ మీరు గెలిచినా ఓడినా ఆ కాగితం ఊళ్ళో ఉండిపోతుంది, మీ తరువాత ఎవరు కూర్చున్నా అక్కడి నుంచే పని మొదలుపెట్టవచ్చు. దాన్ని ఒడియాలోనూ తెలుగులోనూ పెద్ద అక్షరాలతో రాయించి, ఛైర్‌పర్సన్ కాకముందు మీరు బిందె పట్టుకుని నిలబడిన కుళాయి దగ్గర మొదటి మీటింగు పెట్టండి. మైకు వద్దు. అక్కడికి వచ్చిన ఆడవాళ్ళను చదవమనండి, వాళ్ళు అడిగినదాన్ని కాగితం చివర మీ చేత్తోనే రాసుకోండి.